తెలిసిన ఊరి గురించి తెలియని భాషలో

ఇంగ్లీషు చదవడం మొదలుపెట్టేవాళ్లకు చాలామంది చెప్పేది, పిల్లల కథల పుస్తకం పట్టుకోమని. నేనూ ఒక నెల పట్టుకుని మానేశాను. అందులో పదాలు చిన్నవే గానీ లోకం కొత్తది. మంచు కురవడం, పొగగొట్టం తుడిచేవాడు, ఓక్ చెట్టు, నక్కల వేట. భాషా తెలియదు, విషయమూ తెలియదు. తెలుగు మీడియంలో చదువుకుని పెద్దయ్యాక ఇంగ్లీషు చదవాలనుకునేవాళ్లకు దారి వేరే ఉంది. విషయం మనకు బాగా తెలిసినదై ఉండాలి, భాష ఒక్కటే కొత్తదై ఉండాలి. కడపలో ఉండేవాళ్లకు గండికోట, పెన్నేరు, 1876 నాటి ధాత కరువు, వేమన, కడప రాయి తెలుసు. నేను మొదట ఇంగ్లీషులో చదివింది వీటి గురించే. అక్కడి నుంచి విజయనగరానికి, తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీకి, చివరికి ఇంగ్లండు జనం బతుకు తీరుకు పోయాను. మొత్తం సుమారు రెండేళ్లు, రోజుకు నలభై నిమిషాలు. ఏది ఎలా చేశానో, ఎక్కడ తప్పు పోయిందో, ఎందుకు పోయిందో ఇక్కడ రాస్తున్నాను.

ముందు పుస్తకం మన స్థాయికి తగిందో కాదో చూసే లెక్క చెప్తాను. ఏదో ఒక పేజీ తీసి వంద పదాలు లెక్కపెట్టండి. తెలియని పదాలు రెండు లోపుంటే నిఘంటువు లేకుండా చదువుకోవచ్చు. నూటికి తొంభై ఎనిమిది పదాలు తెలిస్తేనే ఇతరుల సాయం లేకుండా అర్థమవుతుందని పదజాలం మీద పరిశోధన చేసినవాళ్లు చెప్పే లెక్క కూడా ఇదే. ఐదు దాకా ఉంటే నిఘంటువు పక్కన పెట్టుకుని చదవాలి. పది దాటితే ఆ పుస్తకం ఆర్నెల్ల తర్వాత. ఊరి పేర్లు, మనుషుల పేర్లు తెలియని పదాల్లో వేయకూడదు. సొంత జిల్లా చరిత్రతో లాభం ఇక్కడే ఉంది. ఒక్కో పేరాలో సిద్ధవటం, జమ్మలమడుగు, గుత్తి, పెన్నేరు, కృష్ణదేవరాయలు అంటూ తెలిసిన పేర్లు వస్తూనే ఉంటాయి. ఆ పేర్లు పట్టుకుని మధ్యలోని వాక్యం ఊహించుకోవచ్చు.

ఈ లెక్కలో ఒక తిరకాసు ఉంది. తెలుసనుకున్న పదం అక్కడ వేరే అర్థంలో ఉంటుంది. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి జిల్లా పుస్తకాల్లో 'ట్యాంక్' అంటే మిద్దె మీది నీళ్ల తొట్టి కాదు, చెరువు. 'వెట్ ల్యాండ్' మాగాణి, 'డ్రై ల్యాండ్' మెట్ట. 'సెటిల్‌మెంట్' అంటే గొడవ సర్దుబాటు కాదు, భూమి శిస్తు నిర్ణయం. మనం తెలుగులో రోజూ వాడే ఇంగ్లీషు మాటలు ఇంకా ఎక్కువ మోసం చేస్తాయి. 'హోటల్' అంటే మనకు భోజనం దొరికే చోటు, వాళ్లకు బస చేసే చోటు. 'డౌట్' అంటే మనకు అడగాల్సిన ప్రశ్న, వాళ్లకు నమ్మకం లేకపోవడం. 'ఫంక్షన్' మనకు పెళ్లో పుట్టినరోజో. ఇలాంటి మాటలు రాసుకోవడానికి నోటుపుస్తకం చివర నాలుగు పేజీలు ముందే వదిలిపెట్టండి. అవి నిండిపోతాయి.

ఏం చదవాలో చెప్తాను. మొదటి మూడు నెలలు వార్తలు. పొద్దున తెలుగు పత్రికలో జిల్లా వార్త ఒకటి చదవాలి, అదే వార్త ఇంగ్లీషు పత్రికలో వెతికి చదవాలి. తుంగభద్ర నీటి విడుదల, చెనక్కాయ ధర, తిరునాళ్ల ఏర్పాట్లు లాంటివి రెండింట్లోనూ వస్తాయి. సంగతి ముందే తెలుసు కాబట్టి కళ్లు వాక్యం కట్టుబడి మీదికి పోతాయి. రాజకీయ ప్రకటనలు ఎంచుకోకండి. వాటిలో ఒకరి మాటలో ఇంకొకరి మాట ఇరుక్కుని వాక్యాలు మెలికలు తిరిగి ఉంటాయి. ప్రమాదం, వాన, పంట, తవ్వకాల్లో బయటపడిన శాసనం లాంటివి మేలు.

తర్వాత పాఠ్యపుస్తకాలు. ఎన్‌సీఈఆర్‌టీ చరిత్ర పుస్తకాలు ఉచితంగా దింపుకోవచ్చు. మాధ్యమిక తరగతులవి భాషలో తేలిక. పన్నెండో తరగతి చరిత్ర రెండో భాగంలో విజయనగరం మీద ఒక అధ్యాయం మొత్తం ఉంది. పెనుకొండ, లేపాక్షి చూసినవాళ్లకు ఆ అధ్యాయం చేయిపట్టి నడిపిస్తుంది. దానికి నేను నెల రోజులు తీసుకున్నాను, రోజుకు పేజీన్నర చొప్పున.

మూడో మెట్టు పాత జిల్లా పుస్తకాలు. గ్రిబుల్ రాసిన కడప జిల్లా మాన్యువల్ 1875లో వచ్చింది. నరహరి గోపాలకృష్ణమ చెట్టి రాసిన కర్నూలు జిల్లా మాన్యువల్ 1886లో, ఫ్రాన్సిస్ రాసిన అనంతపురం గెజిటీర్ 1905లో వచ్చాయి. హక్కుల గడువు తీరినవి కాబట్టి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. వీటిని మొదటి పేజీ నుంచి చదవబోతే పది రోజుల్లో విసుగొస్తుంది. చివర్లో ఊర్ల వారీగా చిన్న చిన్న వివరణలు ఉండే భాగం వెతకండి. మీ తాలూకా, మీ పక్క ఊరు తీసి చదవండి. ఒక్కో ఊరికి అర పేజీయో పేజీయో ఉంటుంది, ఒక పూటకు సరిపోతుంది.

వెతికేటప్పుడు పాత స్పెల్లింగు తెలియాలి. కడప పేరు అధికారికంగా ఇప్పటి స్పెల్లింగుకు మారింది 2005లో. అంతకుముందు సి, యు, రెండు డిలు, ఎ, పి, ఎ, హెచ్. ఈ స్పెల్లింగుతో వెతకకపోతే పాత పుస్తకం ఒక్కటీ తగలదు. భూగర్భశాస్త్రంలో ఇప్పటికీ అదే స్పెల్లింగు నడుస్తోంది. గుత్తి 'గూటీ', సిద్ధవటం 'సిధౌట్', పెన్న 'పెన్నార్', పాలెగాడు 'పోలిగార్'. స్కాన్ చేసిన పుస్తకంలోంచి అక్షరాలు కాపీ చేసుకుంటే తప్పులు వస్తాయి కాబట్టి పేజీ బొమ్మనే చూసి చదవండి. 1800కు ముందు అచ్చయిన పుస్తకాల్లో ఇంకో చిక్కు ఉంది. పదం మొదట్లోనూ మధ్యలోనూ వచ్చే 'ఎస్' అక్షరాన్ని 'ఎఫ్' లాగా పొడుగ్గా అచ్చువేసేవారు. ఆ సంగతి తెలియనివాళ్లు ఒక పేజీ కూడా దాటలేరు.

ఇక అసలు పని. ఒక వాక్యాన్ని ఎలా చదవాలో దగ్గర్నుంచి చూపిస్తాను. గండికోట గురించి ఇంగ్లీషులో ఇలాంటి వాక్యం తగులుతుంది: "ద ఫోర్ట్ స్టాండ్స్ ఆన్ ద రైట్ బ్యాంక్ ఆఫ్ ద పెన్నార్, విచ్ హ్యాజ్ కట్ ఎ డీప్ గార్జ్ త్రూ ద ఎర్రమల హిల్స్." దీన్ని తెలుగులో చెప్తే "ఎర్రమల కొండల నడుమ లోతుగా గండి కోసిన పెన్నేటి కుడి ఒడ్డున కోట ఉంది" అవుతుంది. ఇంగ్లీషులో మొదట వచ్చిన కోట తెలుగులో చివరికి పోయింది, చివర ఉన్న కొండలు మొదటికి వచ్చాయి. మన భాషలో వివరణ నామవాచకానికి ముందు వస్తుంది, వాళ్లకు 'విచ్', 'హూ' తగిలించుకుని తర్వాత వస్తుంది. పొడుగు వాక్యం అర్థం కానప్పుడు చాలాసార్లు కారణం పదాలు కాదు, ఈ తలకిందుల క్రమమే. 'విచ్' దగ్గర వేలు పెట్టి, అది ఎవరి గురించో దాని ముందున్న పదంలో చూసుకుంటే సగం చిక్కు విడిపోతుంది.

అదే వాక్యంలో ఇంకా చూడండి. మనకు కోటా ఉంటుంది, ఊరూ ఉంటుంది, రోడ్డూ ఉంటుంది. వాళ్లకు కోట నిలబడుతుంది, ఊరు పడుకుని ఉంటుంది, రోడ్డు పరిగెత్తుతుంది. 'ఫోర్ట్ స్టాండ్స్, విలేజ్ లైస్, రోడ్ రన్స్.' అన్నిచోట్లా 'ఈజ్' పెట్టి రాస్తే తప్పు కాదు గానీ చదివేవాడికి చప్పగా ఉంటుంది. 'రైట్ బ్యాంక్' అంటే మనం నిలబడినచోట కుడివైపు కాదు, నీళ్లు పారే దిక్కుకు తిరిగి నిలబడితే కుడివైపు. 'హ్యాజ్ కట్' అనడంలో కోయడం ఎప్పుడో జరిగినా ఆ గండి ఇప్పటికీ ఉందన్న సూచన ఉంది. ఉత్త 'కట్' అని ఉంటే కథ చెప్పినట్టు ఉండేది. ఇక 'ద'. పెన్నేరుకు ఉంది, గండికోట పేరుకు ఉండదు. నదుల ముందు 'ద' వస్తుంది, ఊర్ల ముందు రాదు. కొండల వరసను బహువచనంలో చెప్తే 'ద నల్లమలాస్', ఒంటరి శిఖరానికి రాదు. 'ద సీడెడ్ డిస్ట్రిక్ట్స్' అని దత్తమండలాలకు, అంటే మన సీమ జిల్లాల పాత పేరుకు వస్తుంది, ఒట్టి కర్నూలుకు రాదు. తెలుగులో ఈ ముక్క లేనేలేదు కాబట్టి మన చెవికి అది ఉన్నా లేనట్టే వినిపిస్తుంది. నియమాలు బట్టీ పట్టి నేను లాభపడలేదు. తెలిసిన ఊర్ల, ఏర్ల పేర్లతో చూసి చూసి అలవాటైంది.

ఒక వాక్యానికి ఇంత సేపా అనిపించొచ్చు. రోజూ చదివే నాలుగైదు పేజీల్లో ఒక్క వాక్యానికే ఈ వైద్యం. మిగతావి పారే నీళ్లలా చదువుకుంటూ పోవాలి.

నోటుపుస్తకం వాడే పద్ధతి ఇది. రెండువందల పేజీల పొడుగు పుస్తకం. ఎడమ పేజీలో ఆ రోజు వాక్యాన్ని పూర్తిగా ఎక్కించాలి, పదాలు విడిగా రాయకూడదు. కుడి పేజీలో సొంత తెలుగు. నిఘంటువు తెలుగు కాదు, ఇంట్లో ఎవరికైనా చెప్తే అర్థమయ్యే తెలుగు. వారం తర్వాత ఎడమ పేజీ మీద అట్ట కప్పి, కుడివైపు తెలుగు చూసి మళ్లీ ఇంగ్లీషులో రాయాలి. అప్పుడు అట్ట తీసి, ఎర్ర పెన్నుతో తేడాలు దిద్దుకోవాలి. ఇది కొత్త కిటుకేమీ కాదు. ఇంగ్లండులో రోజర్ ఆస్కమ్ అనే పండితుడు, మొదటి ఎలిజబెత్ రాణికి చదువు చెప్పినవాడు, లాటిన్ నేర్పడానికి ఈ పద్ధతే చెప్పాడు. ఆయన పుస్తకం 1570లో అచ్చయింది. అంటే ఇంగ్లీషువాళ్లు తమకు రాని భాష నేర్చుకున్న దారిలోనే మనం వాళ్ల భాష నేర్చుకుంటున్నాం.

వారం గడువు ముఖ్యం. రెండో రోజే రాస్తే గుర్తున్న వాక్యం దించేస్తాం, మన తప్పులు బయటపడవు. నెల తర్వాత రాస్తే ఏమీ గుర్తుండదు, పేజీ అంతా ఎరుపే. ఐదు నుంచి ఎనిమిది రోజుల మధ్య సరిగ్గా ఉంటుంది.

ఈ దిద్దుబాటులో బయటపడే తప్పులు చూస్తే మనం తెలుగును ఎక్కడ ఇంగ్లీషులోకి లాక్కుపోతున్నామో తెలుస్తుంది. ఉదాహరణకు థామస్ మన్రో. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉండి, తర్వాత మద్రాసు గవర్నరై, 1827 జూలైలో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. 'కలరాతో' అని తెలుగులో ఉంది కాబట్టి మన చెయ్యి 'విత్ కలరా' అని రాసేస్తుంది. అసలు వాక్యంలో 'డైడ్ ఆఫ్ కలరా' అని ఉంటుంది. 'కలెక్టరుగా ఉండి' అన్నచోట మనం 'వాజ్' రాస్తాం. చనిపోయిన సంగతి ముందు చెప్పి కలెక్టరు సంగతి తర్వాత చెప్పే వాక్యంలో వాళ్లు 'హ్యాడ్ బీన్' రాస్తారు, అది అంతకుముందే జరిగిపోయిందని తెలియడానికి. సంవత్సరాల ముందు వచ్చే చిన్న పదాలు కూడా ఇలా చదివితేనే పట్టుబడతాయి. '1800లో' అంటే 'ఇన్', '1800 నాటికి' అంటే 'బై', '1800 నుంచి ఇప్పటిదాకా' అంటే 'సిన్స్', '1800 నుంచి 1807 దాకా' అంటే 'ఫ్రమ్', 'టు'. వ్యాకరణం పుస్తకంలో ఈ నాలుగూ నాలుగు చోట్ల ఉంటాయి, మన్రో బతుకు గురించిన రెండు పేజీల్లో నాలుగూ కలిసే ఉంటాయి. భాష నేర్చుకోవడానికి చరిత్ర ఇంత బాగా పనికిరావడానికి ఇదొక కారణం.

లేపాక్షి గురించి చదివితే ఇంకో సంగతి తెలుస్తుంది. గుడిని విజయనగర అధికారి విరూపణ్ణ కట్టించాడు అంటాం మనం. 'కట్టాడు' అంటే ఆయనే రాళ్లు మోసినట్టు. ఇంగ్లీషులో 'విరూపణ్ణ బిల్ట్ ద టెంపుల్' అంటే చాలు, కట్టించాడనే అర్థం. మనం 'కట్టించాడు'ను మక్కీకి మక్కీ దించబోయి వాక్యాన్ని బరువెక్కిస్తాం. అలాగే విరూపణ్ణ కళ్లు పోగొట్టుకున్న కథ. తెలుగులో చివర 'అట' తగిలిస్తే చాలు, అది విన్నమాటే గానీ చూసినది కాదని తేలిపోతుంది. ఇంగ్లీషులో ఆ పని 'ఈజ్ సెడ్ టు హ్యావ్' చేస్తుంది, వార్తల్లో 'రిపోర్టెడ్‌లీ' చేస్తుంది. ఈ ముక్కలు కనపడ్డప్పుడల్లా కుడి పేజీలో 'అట' రాసుకోండి. అవి దాటేసి చదివితే స్థలపురాణాన్ని చరిత్ర అనుకుంటాం.

పదాల విషయంలో నాకు ఎక్కువ నేర్పింది కరువు. మన సీమలో కరువు అనే ఒక్క మాటతో అన్నీ చెప్తాం. ఇంగ్లీషులో వాన లేకపోవడం 'డ్రౌట్'. తిండి దొరక్క జనం చచ్చిపోయే స్థితి 'ఫ్యామిన్'. ఆ రెండింటి మధ్య, సరుకు తగ్గి ధర పెరిగిన స్థితిని ప్రభుత్వ కాగితాల్లో 'స్కేర్సిటీ' అంటారు. 1876లో మొదలైన ధాత కరువు గురించి చదివేటప్పుడు ఈ తేడా ప్రాణం పోసేదీ తీసేదీ అని అర్థమైంది. కాగితం మీద ఏ మాట పడితే ఆ మేరకే పనులు, గంజి కేంద్రాలు తెరిచేవారు. ఆ కరువులోనే రిచర్డ్ టెంపుల్ అనే అధికారి సహాయపు పనుల్లో మనిషికి రోజుకు ఒక పౌండు ధాన్యం, కొద్దిగా డబ్బు చాలని కూలి తగ్గించాడు. పౌండు అంటే సుమారు 450 గ్రాములు. దానికి 'టెంపుల్ వేజ్' అని పేరే పడింది. 'వేజ్' అనే పదాన్ని నిఘంటువులో చూసి మర్చిపోవచ్చు గానీ, ఎండలో రాళ్లు కొట్టి అర కిలో కూడా లేని గింజలు తెచ్చుకున్న మనిషితో కలిపి చదివితే మర్చిపోలేం.

నిఘంటువు ఎలా చూడాలి? మొదట ఇంగ్లీషు నుంచి ఇంగ్లీషుకు, అదీ నేర్చుకునేవాళ్ల కోసం తేలిక మాటల్లో రాసినది. ఈ తరహా నిఘంటువులకు హార్న్‌బీ పేరు పెద్దది. ఆయన జపాన్‌లో పాఠం చెప్తూ తయారుచేసినది 1948లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చింది. చూసిన అర్థం సరిపోయిందా లేదా అనే అనుమానం తీర్చుకోవడానికి మాత్రమే చివర్లో తెలుగు. తెలుగు మాట గుర్తుంది, ఇంగ్లీషు మాట కావాలి అనుకున్నప్పుడు బ్రౌన్ నిఘంటువు. 1852 నాటిది కాబట్టి అందులో దొరికిన ఇంగ్లీషు మాట ఇప్పుడు వాడుకలో ఉందో లేదో కొత్తదానిలో సరిచూసుకోవాలి. ఆంధ్రభారతి సైటులో అదీ ఇంకా చాలా నిఘంటువులూ ఒకేచోట వెతుక్కోవచ్చు. పేజీకి మూడు పదాలకు మించి చూడకండి. ప్రతి పదానికీ ఆగితే వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతాం. ఒక పదం తెలియకపోయినా కథ నడుస్తుంటే వదిలేయండి. అదే పదం మూడోసారి ఎదురైతే అప్పుడు చూడండి, ఇక పోదు.

బ్రౌన్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చిన ఆయన తెలుగు నేర్చుకున్నది పద్యాలు చదివి, పండితుల్ని పక్కన కూర్చోబెట్టుకుని. 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేయించాడు. కడప ఎర్రముక్కపల్లెలో ఆయన పేరిట ఉన్న గ్రంథాలయానికి పోయినప్పుడల్లా నాకు అనిపించేది ఇదే: ఈ ఊళ్లోనే కూర్చుని ఒక మనిషి మన భాషలోకి మన పద్యాల గుండా వచ్చాడు. వచ్చిన దారిలోనే మనం తిరిగి పోవచ్చు. మనకు నోటికి వచ్చిన వేమన పద్యం ఒకటి తీసుకుని, ముందు మనం ఇంగ్లీషులో చెప్పి చూసుకుని, తర్వాత ఆయన ఎలా చెప్పాడో చూడటం నెలకొకసారి చేసే మంచి కసరత్తు.

పాత పుస్తకాల్లో భాషతోబాటు పాలకుల చూపు కూడా వస్తుంది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో తిరగబడ్డాడు, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. మనకు ఆయన వీరుడు. ప్రభుత్వ కాగితాల్లో అది 'రెబెలియన్'. పాలెగాళ్ల ముందు 'టర్బ్యులెంట్' అనే విశేషణం ఊరికే వచ్చి కూర్చుంటుంది. ఇలాంటి పదాల కింద గీత గీసి, ఇదే సంగతి మనవాళ్లు రాస్తే ఏ మాట పెట్టేవారో పక్కన రాసుకోండి. 'అప్‌రైజింగ్', 'రివోల్ట్', 'మ్యూటినీ', 'రెబెలియన్' అన్నిటికీ నిఘంటువులో తిరుగుబాటే. ఎవరు ఎవరి మీద, ఏ హక్కుతో అనేదాన్నిబట్టి పదం మారుతుంది. ఆ తేడా తెలియకుండా రాస్తే మన మనిషిని మనమే నేరస్తుణ్ణి చేసినట్టవుతుంది.

మన నుంచి వాళ్లకు పోయిన మాటలూ ఈ చదువులో తగులుతాయి. అవి ఎదురైనప్పుడు కలిగే సంతోషం మర్నాడు మళ్లీ పుస్తకం తెరిపిస్తుంది. మన పందికొక్కు 'బ్యాండికూట్' అయింది, ఆస్ట్రేలియాలో ఇంకో జంతువుకు కూడా ఆ పేరే పెట్టారు. గోల్కొండ పేరు ఇంగ్లీషులో తరగని సంపదకు మారుపేరైంది. 1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ కె.సి. (కర్నూలు-కడప) కాలువ కోసం తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర కట్టినదాన్ని పుస్తకాలు 'యానికట్' అంటాయి. తమిళుల అణైక్కట్టు, మన ఆనకట్ట.

ఏడాది దాటాక ఇంగ్లండు జనజీవనం మీదికి పోయాను. ముందు వాళ్ల చరిత్ర రెండు మూడు ఘట్టాలు తెలుసుకుంటే భాషలోని చాలా వింతలకు జవాబు దొరుకుతుంది. 1066లో ఫ్రాన్సు ఒడ్డునుంచి వచ్చిన, ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు ఇంగ్లండును గెలిచారు. అందుకే దొడ్లో ఉన్నప్పుడు 'షీప్', పళ్లెంలోకి వచ్చాక 'మటన్'. మేపినవాడి మాట ఒకటి, తిన్నవాడి మాట ఒకటి. కోర్టు, జడ్జి, ట్యాక్సు ఫ్రెంచి నుంచి వచ్చినవి. నాగలి, రొట్టె, ఇల్లు వాళ్ల సొంతం. మనకూ అంతే కదా. నాగలి, మడి, కొడవలి మనవి. జిల్లా, దరఖాస్తు, జప్తు, వకీలు పారశీక, అరబీ దారిలో కచేరీల గుండా వచ్చినవి. ఈ పోలిక పట్టుబడ్డాక, ఆఫీసు ఇంగ్లీషు ఎందుకు బరువుగా, ఇంటి ఇంగ్లీషు ఎందుకు చిన్న మాటలతో ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. స్పెల్లింగు సంగతీ చరిత్రే. 1476లో కాక్స్‌టన్ ఇంగ్లండులో అచ్చుయంత్రం పెట్టాడు. రాత అచ్చులో గట్టిపడింది, నోరు మాత్రం మారుతూ పోయింది. 'నైట్' (యోధుడు), 'నో' (తెలుసుకోవడం) మొదట్లో రాసే 'కె' ఒకప్పుడు పలికేవారు. 'డెట్' లోని 'బి' ఎన్నడూ పలికింది కాదు, లాటిన్ మూలాన్ని గుర్తుచేయడానికి పండితులు చొప్పించింది.

పాత ఉత్తరాలు, లెక్కలు చదివేవాళ్లకు రెండు జాగ్రత్తలు. 1971 దాకా పౌనుకు ఇరవై షిల్లింగులు, షిల్లింగుకు పన్నెండు పెన్సులు. అంకె పక్కన 'డి' ఉంటే అది పెన్సు, 'డినేరియస్' అనే రోమన్ నాణెం పేరులోని మొదటి అక్షరం. 1957కు ముందు మన రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు పైలు ఉన్నట్టే. ఇక తేదీలు. బ్రిటన్ 1752లో పంచాంగం మార్చింది. సెప్టెంబరు 2 తర్వాత రోజు 14. అంతకుముందు ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది కాబట్టి, జనవరి నుంచి మార్చి దాకా ఉన్న తేదీలకు రెండు సంవత్సరాలు వేసి ఉంటాయి. అచ్చుతప్పు కాదు. ఇంటి మాటల్లో కూడా చూసుకోవాలి. ఉత్తర ఇంగ్లండులో 'డిన్నర్' మధ్యాహ్నం తినేది, 'టీ' అంటే సాయంత్రపు భోజనం. 'పబ్లిక్ స్కూల్' అంటే అక్కడ పెద్ద ఫీజులు కట్టే ప్రైవేటు బడి.

చదువుతో రానిది ఉచ్చారణ. కంటితోనే నేర్చుకుంటే ప్రతి అక్షరాన్నీ తెలుగులో లాగా సమానంగా పలుకుతాం. ఇంగ్లీషులో ఒక్కో పదంలో ఒక్క అక్షరం మీదే బరువు పడుతుంది. 'రికార్డ్' అనే పదానికి మొదటి భాగం నొక్కితే దస్తావేజు, రెండో భాగం నొక్కితే నమోదు చేయడం. అందుకే రోజూ చివరి పది నిమిషాలు, ఆ రోజు చదివిన పేరాను గట్టిగా చదవాలి, ముందు ఎవరైనా చదివింది వినాలి. నెమ్మది ఇంగ్లీషు ప్రసారాలు ఇందుకు మంచివి. వాయిస్ ఆఫ్ అమెరికా 1959లో సుమారు 1500 పదాలతోనే నెమ్మదిగా చదివే కార్యక్రమాలు మొదలుపెట్టింది, పాతవి వినడానికి దొరుకుతాయి.

ఎక్కడ ఆగిపోతారంటే, రెండో నెల మధ్యలో. మొదటి నెల కొత్త పదాలు గబగబా వస్తాయి, తర్వాత తెలిసినవే మళ్లీ మళ్లీ కనిపిస్తూ ముందుకు పోవట్లేదనిపిస్తుంది. నిజానికి అప్పుడే అవి స్థిరపడుతుంటాయి. ఆ దశలో పుస్తకం మార్చకండి, విషయం మార్చకండి. రోజుకో విషయం చదివితే ప్రతిరోజూ కొత్త పదాలే, ఏదీ రెండోసారి ఎదురుకాదు. ఒకే విషయం మీద మూడు నాలుగు చోట్ల చదవండి. గండికోట మీద పాఠం, పత్రికా వ్యాసం, గ్రిబుల్ పేజీ, 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికి అక్కడికొచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావర్నియే సంగతి. నాలుగింట్లోనూ 'సీజ్', 'గ్యారిసన్', 'ర్యాంపార్ట్', 'గ్రానరీ' వస్తాయి. నాలుగోసారికి నిఘంటువు అక్కర్లేదు.

చివరి ఆర్నెల్లు రాయడం కలిపాను. ఎక్కడా పుస్తకంలో దొరకని సొంత విషయం ఒకటి, వారానికి నూటయాభై పదాలు. చెనక్కాయ పంట మీద రాయబోతే చెట్టు పీకాక కాయ 'పాడ్', లోపలి గింజ 'కర్నెల్', ఎండిన కట్టె 'హామ్' అని వెతుక్కోవాల్సి వచ్చింది. ఇంగ్లండువాళ్లు 'గ్రౌండ్‌నట్' అన్నా అర్థం చేసుకుంటారు, అమెరికావాళ్లకు 'పీనట్' అనాలి. మొదట్లో ఇలాంటి పేజీ ఒకటి దిద్దితే 'ద' తప్పులే పది పైగా ఉండేవి. ఇప్పుడు రెండో మూడో ఉంటున్నాయి. అవి కూడా దాదాపు ఒకేచోట: 'హిస్టరీ', 'సొసైటీ', 'నేచర్' లాంటి పదాలు ఒంటరిగా వచ్చినప్పుడు ముందు 'ద' పెట్టేస్తున్నాను. 'ద హిస్టరీ ఆఫ్ కడప' అంటే ఉండాలి, ఒట్టి 'హిస్టరీ' అంటే ఉండకూడదు. ఈ నెల ఎడమ పేజీలన్నీ అలాంటి వాక్యాలే ఎక్కిస్తున్నాను.